కానరీ దీవుల్లో ఒకటి అడవి, ఇంకొకటి ఎడారి ఎందుకు?

కానరీ దీవులు ఆఫ్రికా వాయవ్య తీరానికి ఎదురుగా అట్లాంటిక్ సముద్రంలో ఉన్న స్పెయిన్ దీవులు. అన్నీ పక్కపక్కనే, సహారాకు దగ్గరగా ఉన్న దీవులే కదా, తెనెరీఫే పచ్చగా, లాంసరోతే బోడిగా ఎందుకున్నాయని అడిగారు. తెనెరీఫేలోని లా లగూనా పట్టణంలో నేను రెండేళ్లు ఉన్నాను. తేడా అంతా కొండల ఎత్తులోనే ఉంది.

ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడ ఈశాన్య వ్యాపార పవనాలు వీస్తాయి. స్థానికులు వాటిని అలీసియోస్ అంటారు. సముద్రం మీది తేమతో వచ్చి, కొండ తగలగానే పైకి లేచి మబ్బు కడతాయి. అయితే సుమారు 1,500 మీటర్ల దగ్గర వెచ్చని పొడిగాలి మూత పెట్టినట్టు ఉంటుంది. మబ్బు దాన్ని దాటి పైకి పోలేదు. తెనెరీఫేలోని తెయిదె అగ్నిపర్వతం ఎత్తు 3,715 మీటర్లు, అంటే ఆ మూత కంటే చాలా ఎత్తు, కాబట్టి మబ్బు ఉత్తరం వైపే ఆగిపోతుంది. అందుకే ఉత్తరపు వాలు తడుస్తుంది, దక్షిణం ఎండుతుంది. లా లగూనాలో ఉతికిన బట్టలు ఆరని రోజున బస్సెక్కి గంట ప్రయాణిస్తే దక్షిణ తీరంలో ఎండ కాసేది.

మొదటిసారి తెయిదె మీదికి వెళ్లిన రోజు మరచిపోలేను. పైన్ అడవిలో దారి కనబడనంత పొగమంచు. నాలుగు మలుపులు తిరిగేసరికి నీలాకాశం, వెనక్కి చూస్తే కాళ్ల కింద తెల్లటి మబ్బుల సముద్రం! తెనెరీఫేలోనే ఉన్న అనాగా కొండల్లో అయితే వాన పడకుండానే చెట్ల కింద నేల తడిసి ఉంటుంది. ఆకులు పొగమంచును పట్టి చుక్కలుగా రాలుస్తాయి.

లాంసరోతేలో అత్యంత ఎత్తైన చోటు 671 మీటర్లే. మబ్బులు చాలావరకు కురవకుండానే సాగిపోతాయి. పైగా 1730 నుంచి 1736 దాకా అగ్నిపర్వతాలు పేలి పంటపొలాలను కప్పేశాయి. అయినా అక్కడి లా హేరియా అనే ప్రాంతంలో రైతులు ఆ నల్లటి బూడిదలోనే గుంటలు తవ్వి, ద్రాక్ష తీగ నాటి, గాలి తగలకుండా చుట్టూ రాళ్లతో వంపు గోడ కడతారు. బూడిద పొర కింది మట్టి తడిని ఆరిపోనివ్వదు. మాది అనంతపురం జిల్లా. వాన కోసం ఎదురుచూసే నేల మీద పెరిగినవాణ్ని కాబట్టి, ఆ గుంటల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

మీరు వెళితే తీరంలోని ఎండను నమ్ముకొని తెయిదె ఎక్కకండి, శీతాకాలంలో పైన మంచు పడుతుంది. మందపాటి కోటు తీసుకెళ్లండి. తూర్పు నుంచి సహారా దుమ్ము వచ్చే రోజులూ ఉంటాయి. దాన్ని కలీమా అంటారు. ఆకాశం పసుపు రంగుకు మారుతుంది, గొంతు మండుతుంది. ఉబ్బసం ఉంటే ఆ రోజు గదిలోనే ఉండండి.