డిస్నీ యానిమల్ కింగ్‌డమ్ సఫారీలో సింహాలకీ మనకీ మధ్య కంచె ఎందుకు కనిపించదు? తిరుపతి జూలో బండికే జాలీ ఉంటుంది కదా?

అడ్డు ఉంది, కంటికి దొరకదంతే. ఫ్లోరిడాలో 1998లో తెరిచిన ఆ పార్కులో సఫారీ ట్రక్కుల పక్కలు తెరిచే ఉంటాయి. సింహాలకీ దారికీ మధ్య లోతైన కందకం తవ్వి, దాని అంచు కనబడకుండా గడ్డి, పొదలు పెంచారు. ట్రక్కులోంచి చూస్తే రెండు వైపులా నేల కలిసిపోయినట్టు ఉంటుంది. ఈ పద్ధతిని 1907లోనే జర్మనీలో హాగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి తన జూలో చూపించాడు.

సింహానికి కందకం కనీసం ఏడెనిమిది మీటర్ల వెడల్పు ఉండాలి. మనవైపు గోడ నిట్టనిలువుగా, నున్నగా కడతారు. జంతువు వైపు వాలుగా వదులుతారు, లోపల పడ్డా అదే ఎక్కి వెళ్లిపోవాలని. చెడేది ఎక్కువగా నిర్వహణలోనే: వానకు కొట్టుకొచ్చిన మట్టి అడుగున పేరుకుంటే లోతు తగ్గుతుంది, అంచున పెరిగిన చెట్టు కొమ్మ నిచ్చెన అవుతుంది. అందుకే పూడిక తీయడం, కొమ్మలు నరకడం ఎప్పుడూ సాగాల్సిన పని.

తిరుపతి ఎస్వీ జూ సఫారీలో సింహాలు తిరిగే చోటికే బండి వెళ్తుంది. కాబట్టి జాలీ బండికి ఉండాల్సిందే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ ఏర్పాట్లన్నీ జంతువును ఆపడానికే, కావాలని దూకే మనిషిని ఆపలేవు. 2024 ఫిబ్రవరిలో ఎస్వీ జూలో సింహం ఆవరణలోకి దూకిన సందర్శకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. పిల్లల్ని పిట్టగోడ మీద కూర్చోబెట్టి ఫొటోలు తీయకండి.