వదిన కథ తిరగరాసే ముందు

చిరంజీవికి,

ఆశీస్సులు. కథ రెండుసార్లు చదివాను. వదిన మంచం పట్టిన ఘట్టం బాగా కుదిరింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోతున్నా అలాగే చూస్తూ నిలబడటం నువ్వు కళ్లారా చూసి రాసినట్టే ఉంది. చిక్కంతా ఆ తర్వాతి పేజీలో. పొద్దున నవ్వింది, సాయంత్రం ఏడ్చింది, కాబట్టి డాక్టరు బైపోలార్ అన్నాడు. అలా అనడమ్మా. పూటపూటకీ మారే మనసు మనందరికీ ఉన్నదే. బైపోలార్ అంటే మనసు కొన్నాళ్లు పట్టరాని హుషారులో (అదే మేనియా), కొన్నాళ్లు గాఢమైన దిగులులో (అదే డిప్రెషన్) ఉండే జబ్బు. అందులో ఒక్కో దశ రోజులు, వారాలు, ఒక్కోసారి నెలలు సాగుతుంది. డాక్టర్ల లెక్కలో మేనియాకి కనీసం వారం, దానికన్నా తేలికైన హైపోమేనియాకి 4 రోజులు, డిప్రెషన్‌కి 2 వారాలు. ఆస్పత్రిలో చేర్చేంత ముదిరితే మేనియాకి ఆ వారం కూడా చూడరు.

ఒట్టి డిప్రెషనా, బైపోలార్‌లో వచ్చిన డిప్రెషనా అన్నది ఆ మంచం పక్కన నిలబడి తేల్చడం డాక్టరుకే కష్టం. తేడా గతంలో ఉంటుంది. అందుకే అనుభవమున్న డాక్టరు దిగులు గురించి అడిగి ఊరుకోడు. "నిద్ర లేకపోయినా అలసట లేకుండా తిరిగిన రోజులున్నాయా?" అని ఇంట్లోవాళ్లని కూడా అడుగుతాడు. వదినని అడిగితే లేవంటుంది, ఆ రోజుల్ని ఆమె జబ్బనుకోదు మరి. ఇంట్లోవాళ్లకీ అవి ఆమె చక్కగా ఉన్న రోజులుగానే గుర్తుంటాయి.

నీ కథకి కావలసింది అక్కడే ఉంది. రెండేళ్ల కిందట, రాత్రి రెండింటికి లేచి అటక మీది ఇత్తడి సామానంతా దించి తోమనివ్వు. అలా వారం పైగా. చీటీ పాడి, ఇంట్లో ఒక్కరికీ కుట్టు రాకపోయినా నాలుగు కుట్టుమిషన్లు కొననివ్వు. ఎదుటివాళ్లకి సందివ్వకుండా మాట్లాడనివ్వు. కోడలి చురుకుదనం చూసి అత్తగారు మురిసిపోవాలి, పాఠకుడూ మురిసిపోవాలి. జబ్బు పేరు అప్పుడే ఎత్తకు.

ఇక మందులు. డిప్రెషన్ మాత్రలిచ్చి నాలుగు రోజుల్లో వదినని లేపి కూర్చోబెట్టావు. అవి గుణం చూపడానికి వారాలు పడుతుంది. పైగా బైపోలార్ ఉన్నవాళ్లకి మూడ్‌ని నిలకడగా ఉంచే మందు తోడు లేకుండా ఆ మాత్రలొక్కటే ఇస్తే కొందరికి మేనియా ఎగదన్నుతుంది. పాత సంగతులు డాక్టరు అంతగా తవ్వేది ఇందుకే. కథ మలుపు తిరగాల్సిందీ ఇక్కడే: ఆ డాక్టరుకి ఇత్తడి సామాను సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత మూడ్‌ని నిలకడగా ఉంచే లిథియం పెట్టు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ మేనియాకి వాడి చూపించిన మందు, ఇప్పటికీ వాడుకలో ఉంది. మోతాదు మించితే విషమవుతుంది కనుక రక్తపరీక్ష తప్పదు. థైరాయిడ్, కిడ్నీలూ చూస్తుంటారు. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం తీస్తారు, కాబట్టి ల్యాబ్ సీను పొద్దున పెట్టు.

రెండో పేజీ నుంచి తిరగరాసి పంపు. దసరాకి ఊరెళ్లేలోపు అందితే చదివి రాస్తాను.

ఇట్లు,
మాస్టారు