ప్లగ్ మర పోయిందా? హెడ్ మీద చెయ్యి వేసే ముందు…

ప్రశ్న: మాది 1997 మోడల్ మారుతి 800, కార్బొరేటర్ బండి. స్పార్క్ ప్లగ్గులు మార్పించిన దగ్గర్నుంచీ నడిమి సిలిండర్ దగ్గర ‘టస్ టస్’ అని చప్పుడు. బిగిద్దామంటే ఆ ప్లగ్ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది. హెడ్ (సిలిండర్ల మీది మూత) దించి బుష్ (లోపల కొత్త మరలుండే లోహపు గొట్టం) వేయాలంటున్నారు మెకానిక్కులు. దించకుండా కుదరదా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: చాలాసార్లు కుదురుతుంది. అయితే పని పూర్తయ్యేదాకా బండి బయటకు తీయకండి. ప్లగ్ మర వెడల్పు 14 మి.మీ. సిలిండర్ లోపల మంట ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 40 కిలోలు ఉన్నా, ఆ ప్లగ్‌ను బయటికి నెట్టే బలం 60 కిలోల పైమాటే. దాన్ని పట్టి ఉంచేది మరలొక్కటే. అవి పోతే ప్లగ్ ఊడి ఎగురుతుంది.

ముందు ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద ప్లగ్ విప్పితే హెడ్ మరలు పాడవుతాయి. ప్లగ్ చుట్టూ గాలి కొట్టించి, విప్పి, టార్చి వేసి చూడండి. పైన ఒకటి రెండు చుట్లే నలిగి, కింద మరలు బాగుంటే 14×1.25 (14 మి.మీ. వెడల్పు, చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.25 మి.మీ.) కొలతలో, నలిగిన మరను సవరించే త్రెడ్ చేజర్‌తో సరిచేస్తే చాలు. ప్లగ్ మరలకు అల్యూమినియం తీగలా చుట్టుకుని వచ్చిందంటే మాత్రం మర కోసుకుపోయినట్టే. అప్పుడు ఇన్సర్ట్ (పోయిన మర స్థానంలో కూర్చునే స్ప్రింగు లాంటి తీగ చుట్ట) వేయాల్సిందే.

ఆ ఇన్సర్ట్ వేసే హెలీకాయిల్ కిట్ కొనేటప్పుడు 14×1.25 అని మాత్రమే అడిగితే సరిపోదు. మీ ప్లగ్ మర పొడవు 19 మి.మీ., దానికి సరిపడే ఇన్సర్ట్ అడగండి. పొట్టిది వేస్తే కింది మరల్లో మసి పేరుకుంటుంది. పొడుగుది వేస్తే కొస మంటలోకి పొడుచుకొచ్చి ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే పెట్రోలు అంటుకుంటుంది. కిట్‌లో వచ్చే ట్యాప్ (మర కోసే పనిముట్టు) మామూలు 14 ట్యాప్ కాదు, సుమారు 15.6 మి.మీ. వెడల్పున మర కోస్తుంది. దానికి బదులు మరేదీ వాడకండి.

మూడు ప్లగ్గులూ తీసేసి, టాప్ గేరులో వేసి బండిని కాస్త నెడితే పిస్టన్ కదులుతుంది. రంధ్రంలో ప్లాస్టిక్ స్ట్రా పెట్టి చూస్తూ పిస్టన్‌ను కిందికి దించండి, లేదంటే ట్యాప్ మొన దానికి తగులుతుంది. ట్యాప్ గాడుల నిండా గ్రీజు పట్టించండి. కోసిన లోహపు రజను దానికి అంటుకునే వస్తుంది. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. రెండు మూడు చుట్లకోసారి పూర్తిగా బయటికి తీసి, తుడిచి, మళ్లీ గ్రీజు. విసుగేసే పనే. కానీ రజను లోపల పడి సిలిండర్ గోడ గీసుకుంటే బోరింగ్ (ఆ గోడను మళ్లీ తొలిపించడం) ఖర్చు.

మర కోయడం అయ్యాక వాక్యూమ్ క్లీనర్‌కు సన్నని గొట్టం తగిలించి లోపల లాగించండి. తర్వాత డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా) మధ్య వైరు పీకి ఎర్త్ చేసి, ప్లగ్గులు లేకుండానే కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టండి. మిగిలింది గాలితో పాటు వచ్చేస్తుంది. మొహం పక్కకు పెట్టుకోండి.

ఇన్సర్ట్‌ను వాషర్ కూర్చునే అంచు కంటే పావు నుంచి అర చుట్టు లోపలికి దింపండి. దాని అడుగున తోక ఉండే రకమైతే విరిచి లోపల వదిలేయొద్దు, సన్నమూతి ప్లయర్‌తో పట్టుకుని విరిచి బయటికి తీయండి.

రంధ్రం కోలగా సాగినా, వాల్వ్ సీటు వైపు పగులు కనబడినా, ఇదివరకే వేసిన ఇన్సర్ట్ ఊడినా మీవాళ్ల మాటే సరి. హెడ్ దించి లేత్ మీద బుష్ వేయించండి. ఆ బుష్‌కు పైన కాలర్ ఉండాలి, ఆ కాలర్ హెడ్‌లోకి సమంగా దిగి కూర్చోవాలి. కాలర్ లేనిది మళ్లీ ప్లగ్ విప్పినప్పుడు ప్లగ్‌తో పాటే ఊడొస్తుంది. కాలర్ పైకి తేలితే ప్లగ్ మొన వెనక్కి పోయి స్పార్క్ పడేచోటు మారుతుంది.

ప్రశ్న: కొత్త ప్లగ్ ఎంత బిగువుగా బిగించాలి? టార్క్ పానా లేదు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ప్లగ్ తలకు జానెడు పెట్రోలు రబ్బరు గొట్టం తొడిగి దాంతోనే తిప్పండి. ముందు ఎడమకు తిప్పితే మర మొదలు దగ్గర చిన్నగా ‘టక్’ మంటుంది. అక్కణ్నుంచి కుడికి. మర అడ్డంగా ఎక్కితే గొట్టం జారిపోతుందే తప్ప హెడ్ పాడవదు. 19 మి.మీ. ప్లగ్ పది పన్నెండు చుట్లు చేతితోనే దిగాలి. రెండో చుట్టుకే బిగిసిందంటే విప్పేయండి, పానా పెట్టకండి.

వాషర్ ఆనాక పానాతో కొత్త ప్లగ్‌కు అర నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. పాత ప్లగ్‌కు వాషర్ ఇదివరకే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు. టార్క్ పానా దొరికితే 25 న్యూటన్ మీటర్లు పెట్టండి. ‘ఇంకో పట్టు పట్టు’ అనే అలవాటే హెడ్లకు శత్రువు. మరలకు గ్రీజు, ఆయిలు రాయకండి. జారుడు ఎక్కువై అదే బలానికి ఎక్కువ బిగుస్తుంది.

ప్రశ్న: వదులైన ప్లగ్‌కు టెఫ్లాన్ టేపు చుట్టొచ్చా?
– ఒక పాఠకుడు, హిందూపురం

జవాబు: వద్దు. ప్లగ్ వేడి హెడ్‌లోకి దిగేదీ, ఎర్త్ అందేదీ చాలావరకు మరల ద్వారానే. టేపు రెంటికీ అడ్డం. ఎపాక్సీ ముద్ద అంతకంటే అన్యాయం, వేడికి పొడి అయిపోతుంది. ముందు ప్లగ్ హెడ్‌కు ఆనే చోట చుట్టూ సబ్బు నురగ వేసి, చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేయండి. బుడగలు వస్తే విప్పి వాషర్ చూడండి. చాలాసార్లు పోయింది మర కాదు, వాషరే.