అరిసెల సంగతి తర్వాత, ఆ రెండో మాత్ర ఎవరు వేసుకోమన్నారు?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి పిల్లలు, మనవలు వస్తారు. ఏటా అరిసెలు, సున్నుండలు, జంతికలు, బొబ్బట్లు ఇంట్లోనే చేస్తాను. మా వారికి 66 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, బీపీకి మెటోప్రోలాల్ వాడుతున్నారు. పండగ మూడు రోజులూ షుగర్ మాత్ర రెండు వేసుకుని అన్నీ తింటారు. పోయిన కనుమ నాడు మాత్రం సాయంత్రం చెమటలు పట్టి మాట తడబడింది. పంచదార నీళ్లు ఇస్తే తగ్గింది, పడుకున్నారు. ఈసారి అరిసెలు తాటిబెల్లంతో చేద్దామనుకుంటున్నాను. అలా అయితే ఆయన ఎన్ని తినొచ్చు? పది నెలల మనవడికి ఏవి పెట్టొచ్చు?

జవాబు: అమ్మా, తాటిబెల్లం గురించి చివర్లో చెబుతాను. ముందు కనుమ సాయంత్రం సంగతి చూద్దాం. మీరు దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

చెమటలు, మాట తడబాటు, తీపి నీళ్లు తాగగానే తగ్గడం చూస్తే ఆ రోజు ఆయనకు షుగర్ బాగా పడిపోయి ఉండొచ్చు. ఉండొచ్చు అనే అంటున్నాను. మనిషిని చూడకుండా, ఆ సమయంలో గ్లూకోమీటర్‌లో ఎంత ఉందో తెలియకుండా ఖాయంగా చెప్పలేను. మాట తడబడటం పక్షవాతం మొదట్లోనూ ఉంటుంది. రెండిట్లో ఏదైనా సరే, పడుకుని లేస్తే సరిపోయే వ్యవహారం కాదు. ఏడాది గడిచింది, దీని గురించి ఇంతవరకూ మీ డాక్టర్‌కి చెప్పినట్టు లేదు.

గ్లిమెపిరైడ్ తిన్న తీపిని కరిగించే మాత్ర కాదు. క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తుంది. మీరు అరిసె తిన్నా, పస్తున్నా దానికి పట్టింపు లేదు, దాని పని రోజంతా నడుస్తూనే ఉంటుంది. పొద్దున తిన్న తీపి మధ్యాహ్నానికి ఖర్చయిపోతుంది. మాత్ర ఖర్చవదు. పైగా పండగ పూట భోజనం వేళకు ఉండదు. కోడిపందేల బరుల దగ్గరికో, బంధువుల ఇళ్లకో నడక, తర్వాత మూడింటికి భోజనం. షుగర్ పడిపోవడానికి ఇంతకంటే అనువైన రోజు ఉండదు.

కనుమ నాడే ఎందుకలా అయిందని మీకు అనుమానం రావచ్చు. భోగి, సంక్రాంతి రోజుల్లో అరిసెలు, బొబ్బట్లు, పరమాన్నం. కనుమకి గారెలు, కోడికూర. గారెలో ఉండేది మినప్పప్పు, నూనె. అరిసెలో ఉన్నంత పిండి, చక్కెర అందులో ఉండవు. తిండి మారింది, మాత్రలు మాత్రం రెండే వేసుకున్నారు. ఇంకో మాట అడక్క తప్పదు, ఏమీ అనుకోకండి. ఆ రోజు ఆయన మందు పుచ్చుకున్నారా? షుగర్ పడిపోయేటప్పుడు కాలేయం తన దగ్గరున్న గ్లూకోజ్ వదిలి కాపాడుతుంది. కడుపులో మద్యం ఉంటే ఆ పని సరిగా చేయలేదు. ఈ మందూ ఆ మందూ కలిసిన రాత్రి నిద్రలోనే ప్రమాదం జరగొచ్చు.

మెటోప్రోలాల్ సంగతి కూడా తెలుసుకోండి. షుగర్ తగ్గినప్పుడు వచ్చే గుండె దడను, వణుకును ఈ రకం బీపీ మాత్రలు కప్పేస్తాయి. చెమటను కప్పవు. మీరు చెమటలని రాశారు, వణుకు అని రాయలేదు. అందుకే నా అనుమానం ఇంకాస్త బలపడింది. మీ వారి విషయంలో వేళకాని వేళ చెమట పడితే అదే హెచ్చరిక, దడ కోసం చూడొద్దు. ఆ మాత్ర మాత్రం మీ అంతట మీరు మానిపించకండి, అది ఇంకో ప్రమాదం.

సంక్రాంతి వెళ్లిన వారం మా ఓపీలో షుగర్ పేషెంట్లు వస్తే ముందు స్ట్రిప్ చూపించమంటాను. జేబులోంచి మడతలు పడ్డ స్ట్రిప్ తీస్తారు. కొన్న తేదీ అడుగుతాను, ఖాళీ గుంటలు లెక్కపెడతాను. రోజులు తొమ్మిది, గుంటలు పన్నెండు. అడిగితే నవ్వు. "పండగ కదండీ, కాస్త తీపి ఎక్కువైందని..." ఇంటింటా ఇదే కథ. ఇంట్లో అందరి ముందూ వేసుకుంటారు, అదేదో జాగ్రత్త అన్నట్టు! మందు మోతాదు మీ వయసు, కిడ్నీల పనితీరు, మిగతా మాత్రలు చూసి నిర్ణయించేది, ఆకులో వడ్డించిన దాన్ని బట్టి మార్చేది కాదు. పన్నెండేళ్ల షుగర్, 66 ఏళ్ల వయసు అంటే కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసుకోవాలి. అవి మందగిస్తే ఈ మందు ఒంట్లోంచి త్వరగా పోదు. అప్పుడు ఒక్క మాత్రే ఎక్కువ కావచ్చు, రెండు సంగతి చెప్పక్కర్లేదు.

ఇది చదివి రేపటి నుంచి మాత్ర మానేసేవాళ్లూ ఉంటారు. నేను మానమనలేదు. రాసిచ్చినది రాసిచ్చినట్టు వాడమంటున్నాను.

మళ్లీ అలాంటిదే జరిగితే ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే, లేదా ఇంట్లో మీటర్ లేకపోతే, స్పృహలో ఉండి మింగగలిగితేనే మూడు చెంచాల పంచదారో గ్లూకోజ్ పొడో నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి, పెరగకపోతే మళ్లీ ఇవ్వండి. పెరిగాక భోజనం పెట్టండి. చేతిలో ఉంది కదా అని అరిసె పెట్టకండి. అందులోని నెయ్యి, నూనె వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్ బాగానే ఉండి మాట తడబడుతున్నా, మూతి వంకర పోయినా, చెయ్యి పట్టు తప్పినా పక్షవాతమనే అనుకుని బయల్దేరండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, ఎంత ముందైతే అంత మంచిది.

తీపి నీళ్లతో లేచి కూర్చున్నారు కదా అని పడుకోబెట్టొద్దు. ఈ మాత్రతో షుగర్ గంటల తర్వాత మళ్లీ పడొచ్చు. ఆ రాత్రి ఆస్పత్రిలో ఉంచి చూడాల్సి రావచ్చు. కనుమ నాడు కాకైనా కదలదంటారు నిజమే, అది ప్రయాణాలకు చెప్పిన మాట. 108 కనుమ నాడూ కదులుతుంది.

ఇక తాటిబెల్లం. అందులో ఖనిజాలు కాస్త ఉంటాయేమో గానీ ఎక్కువ భాగం చక్కెరే. తాటిదైనా, అనకాపల్లి బెల్లమైనా, తెల్ల పంచదారైనా షుగర్ ఉన్నవాళ్లకి పెద్ద తేడా లేదు. పైగా అరిసెలో బెల్లం ఒక్కటే కాదు, బియ్యప్పిండీ ఉంది. మోస్తరు సైజు అరిసెలు రెండు తింటే సుమారుగా ఒక కప్పు అన్నం తిన్నట్టే, నూనె అదనం. చెక్కల మధ్య ఎంత గట్టిగా నొక్కినా కారేది నూనే, బెల్లం ఎక్కడికీ పోదు. సున్నుండలో మినుములు మంచివే, దాదాపు సగం బెల్లమో పంచదారో ఉంటుందని మర్చిపోకండి. జంతికలు బీపీకి ఉప్పు లెక్క. ఎన్ని తినొచ్చో ఆయన హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, చూడకుండా నేను చెప్పలేను. అదుపులో ఉన్నవాళ్లకి మామూలుగా చిన్న అరిసె ఒకటి, అదీ భోజనంలో, ఆ మేరకు అన్నం తగ్గించి తినమంటాను. ఖాళీ కడుపుతో డబ్బా దగ్గర నిలబడి తినేవి లెక్కలోకి రావనుకుంటారు చాలామంది, వస్తాయి.

మనవడికి పిండివంటలేవీ వద్దు. ఏడాదిలోపు ఉప్పు, తీపి రెండూ అక్కర్లేదు. జంతిక ముక్క, వేరుశనగ గింజ గొంతులో అడ్డుపడతాయి. మెత్తగా కలిపిన పప్పన్నంలో నెయ్యి వేసి పెట్టండి, వాడికి అదే పండగ.

భోగికి ముందే మీ డాక్టర్‌ని కలవండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, హెచ్‌బీఏ1సీ చేయించండి. పోయిన ఏడాది కనుమ సాయంత్రం ఏం జరిగిందో మీరే చెప్పండి, ఆయన్ని చెప్పమంటే "ఏం లేదు డాక్టర్ గారూ" అంటారు. గ్లిమెపిరైడ్ కొనసాగించాలా, మార్చాలా అన్నది వాళ్లు నిర్ణయిస్తారు. వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులు అన్నీ పట్టుకెళ్లండి, ఖాళీవి కూడా.