బిల్లు కోసం తీసుకున్న మెయిల్ ఐడీకి ఆఫర్లు పంపొచ్చా?

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో చిన్న బొటిక్ నడుపుతున్నాను. నాలుగేళ్ల బిల్లుల్లో చేరిన మెయిల్ ఐడీలు 2,300 దాకా ఉన్నాయి. మొన్న ఎగ్జిబిషన్‌లో పక్క స్టాల్ ఆయన తన ఎక్సెల్ షీట్ కూడా వాట్సాప్‌లో పంపారు. అన్నీ కలిపి సంక్రాంతి కలెక్షన్ మెయిల్ పంపితే చాలావరకు స్పామ్‌లో పడింది. ఏం సెట్టింగ్ మార్చాలి?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సెట్టింగ్ సంగతి తర్వాత. ముందు ఆ పక్క స్టాల్ షీట్‌ను డిలీట్ చేయండి. వాట్సాప్ చాట్‌లో, ఫోన్ డౌన్‌లోడ్స్‌లో, షాపు కంప్యూటర్‌లో, ఎక్కడున్నా సరే. అందులో ఉన్నవాళ్లు మీ షాపు పేరైనా విని ఉండరు. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలనెలా వస్తున్నాయి. ట్యూషన్ సెంటర్లు, క్లినిక్‌లు, ట్రావెల్స్ వాళ్లు, అందరిదీ ఇదే ప్రశ్న. మెయిల్ ఎలా చేరాలి అని అడుగుతారు. పంపొచ్చా అని ఒక్కరూ అడగరు.

ఇక మీ సొంత 2,300. అవి బిల్లు కోసం ఇచ్చినవి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో అచ్చం ఇలాంటి ఉదాహరణే ఉంది. మందుల షాపులో ఒకామె డబ్బు కట్టి, రసీదు మెసేజ్ పంపమని నంబర్ ఇస్తుంది. ఆ నంబర్‌ను షాపు రసీదు పంపడానికి వాడుకోవచ్చు. ఆఫర్లకు విడిగా అడగాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పాలి, ఆవిడ తనంతట తాను ఒప్పుకోవాలి. వద్దనుకుంటే ఒప్పుకున్నంత సులువుగా మానుకోగలగాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, సమ్మతి తీసుకోవాల్సిన బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకు అమలవుతాయి. ఈలోగా పంపేద్దాం అనుకోకండి. అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్లు మీ లిస్టులో ఉంటే అక్కడి చట్టాలు ఇప్పటికే అమల్లో ఉన్నాయి.

నాకు అసలు టెన్షన్ జరిమానా గురించి కాదు, ఇలాంటి కస్టమర్ల షీట్ గురించి. పేరు, ఫోన్, మెయిల్, కొన్న తేదీ, బిల్లు మొత్తం, అన్నీ ఒక్క వరుసలో ఉంటాయి. అది మోసగాడి చేతిలో పడితే? "మేడం, 14వ తేదీన మీరు తీసుకున్న 6,400 చీరకు రీఫండ్ వచ్చింది, ఈ లింక్ నొక్కండి" అంటాడు. తేదీ, మొత్తం రెండూ సరిపోయాక ఎవరు అనుమానిస్తారు? కిందటేడు ఒక కోచింగ్ సెంటర్ నుంచి నాకు మెయిల్ వచ్చింది. 'టు' గడిలో నాతోపాటు మూడొందలకు పైగా అడ్రసులు, అన్నీ అందరికీ కనిపిస్తున్నాయి. వాటిలో పిల్లల ఐడీలూ ఉన్నాయి. అడ్రసులు ఒకరివి ఒకరికి కనిపించకుండా పంపే బీసీసీ అనే గడి ఒకటుందని పంపినవాళ్లకు తెలియదు, అంతే.

ఇందులో తప్పంతా షాపులది కూడా కాదు. మెయిల్ ఐడీ గడికి ఎర్ర చుక్క పెట్టి, అది నింపితేగానీ బిల్లు ప్రింట్ కాని సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారు. జగదాంబ దగ్గర ఒక షాపులో చూశాను. వెనక క్యూ ఉంది. పెద్దావిడ మనవడికి ఫోన్ చేసి, అతని మెయిల్ ఐడీ అక్షరం అక్షరం కౌంటర్‌లో గట్టిగా చెప్పింది. కౌంటర్ కుర్రాడు టైప్ చేసుకున్నాడు. స్క్రీన్ కింద 'ఆఫర్లు పంపండి' అన్న చోట టిక్ ముందే పెట్టి ఉంది. ఆ స్క్రీన్ ఆవిడ వైపు తిరిగి కూడా లేదు. మనవడేమో అసలు అక్కడే లేడు. దీన్ని సమ్మతి అని రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసినవాళ్లు వెనక్కి తీసుకోవాలి.

మీ స్పామ్ సమస్యకూ మూలం ఇక్కడే ఉంది. స్పామ్ అని నొక్కేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదని జీమెయిల్ నియమం, అంటే వెయ్యికి ముగ్గురు. ముక్కూమొహం తెలియని లిస్టుకు పంపితే ఆ ముగ్గురు పది నిమిషాల్లో దొరుకుతారు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే మెయిల్ సెట్టింగులను మీ డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు) చూసేవాళ్ల చేత పెట్టించండి. కానీ అవి పంపింది మీరేనని చెబుతాయి, అంతకుమించి ఏమీ చేయవు.

పాతవాళ్లకు "సమ్మతి ఇవ్వండి" అని మెయిల్ కూడా పంపకండి, ఈసారి షాపుకొచ్చినప్పుడు అడగండి. కౌంటర్ మీద తెలుగులో ఒక చిన్న ఫారం, ఖాళీ టిక్ గడి, పక్కన తేదీ చాలు. రెండొందల మందే మిగిలినా వాళ్లు మీ మెయిల్ తెరుస్తారు. ఇంకో మాట, పని మానేసిన అమ్మాయిల ఫోన్లలో మీ బిల్లింగ్ లాగిన్ ఇంకా తెరిచే ఉందేమో, ఈరోజే పాస్‌వర్డ్ మార్చేయండి.