ఉమ్మనీరు పరీక్ష నేనూ అడిగి చేయించుకోవాలా?

ప్రశ్న: నాకిప్పుడు 35వ వారం. బీపీ ఎక్కువగా ఉంది, కాన్పు ముందే చేయాల్సి రావచ్చంటున్నారు. మా అక్కకు అప్పట్లో ఉమ్మనీరు తీసి, బిడ్డ ఊపిరితిత్తులు ఎదిగాయో లేదో చూశారు. నాకు ఆ పరీక్ష రాయలేదు. అడగమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ పరీక్ష ఒకప్పుడు నా చేతులతో చేసినదాన్నే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. గాజు గొట్టంలో ఒక మిల్లీలీటరు ఉమ్మనీరు, అంతే ఆల్కహాల్ పోసి 15 సెకన్లు గట్టిగా ఊపి, పావుగంట కదపకుండా పెట్టేవాళ్లం. నురగ గొట్టం చుట్టూ ఉంగరంలా నిలిచిందా, సర్ఫాక్టెంట్ ఉన్నట్టే. ఊపిరి వదిలినప్పుడు గాలి గదులు అతుక్కుపోకుండా కాపాడే జిడ్డు పదార్థం అది. గొట్టానికి కాస్త సబ్బు మిగిలినా నురగ వచ్చేది! అందుకే గొట్టాలు కడిగే పని ఎవరికీ వదిలేదాన్ని కాదు. ఉమ్మనీటిలోని రెండు కొవ్వు పదార్థాల్లో లెసిథిన్ అనేది, స్ఫింగోమైలిన్‌కు రెండింతలు ఉందా అని చూసే పరీక్ష ఇంకా నమ్మకమైనదే గానీ, నీటిలో రక్తం కలిస్తే అదీ తడబడేది.

మరి ఎందుకు మానేశారంటారా? ఫలితం ఏదైనా నిర్ణయం మారదు కనుక. బీపీ ప్రమాదకరంగా పెరిగితే, ఊపిరితిత్తులు ఎదగకపోయినా కాన్పు చేయాల్సిందే. అదుపులో ఉంటే, ఎదిగాయని తేలినా ఆగాల్సిందే. పాలు తాగడం, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడం, కామెర్లను తట్టుకోవడం నురగలో కనిపించవు. పైగా 'ఎదగలేదు' అని వచ్చిన బిడ్డల్లో చాలామంది పుట్టాక హాయిగానే ఊపిరి పీల్చుకుంటారు. దానికోసం పొట్టలోకి సూది ఎందుకు?

నెలలు నిండకముందే, ముఖ్యంగా 34 వారాల లోపు కాన్పు తప్పదనిపిస్తే, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. 35లో ఇవ్వాలా వద్దా అన్నది మీ షుగర్, ఇతర వివరాలు చూసి మీ డాక్టరే తేల్చాలి. ఆ మాట మాత్రం అడగండి. కాన్పు జరిగేచోట నెలలు నిండని పిల్లల్ని చూసే ఐసీయూ ఉందో లేదో కూడా.

విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగాన నొప్పి, వీటిలో ఏది వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా వెళ్లండి. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ రిపోర్టు వెంట ఉంచుకోండి. మీది నిజంగా 35వ వారమేనా అన్నది దాన్ని చూసే చెబుతారు.