ముసలితనం మీద పరిశోధన చేస్తానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది బైపీసీ. వాళ్ల నానమ్మకు 81 ఏళ్లు, ఈమధ్య మతిమరుపు మొదలైంది. అప్పటి నుంచి ‘మనిషికి ముసలితనం ఎందుకొస్తుందో, దాన్ని ఎలా ఆలస్యం చేయొచ్చో అదే చదువుతాను’ అంటోంది. మావారేమో నీట్ తప్ప ఇంకోటి వద్దంటున్నారు. ఈలోపు ఆన్‌లైన్‌లో ‘లాంజెవిటీ కోచ్’ (ఎక్కువ కాలం బతకడానికి సలహాలిచ్చేవారు) సర్టిఫికెట్ కోర్సు చూసి డబ్బు కట్టమంటోంది. కట్టమంటారా?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఆ కోర్సుకు ఒక్క రూపాయి కూడా కట్టకండమ్మా. అలాంటి సర్టిఫికెట్ చూసి ఏ ల్యాబ్‌లోనూ సీటివ్వరు. కానీ మీ అమ్మాయి ఆసక్తిని మాత్రం కొట్టిపారేయొద్దు. అది గట్టి సైన్సే.

1993లో అమెరికా శాస్త్రవేత్త సింథియా కెన్యన్ బృందం ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో ఒకే ఒక్క జన్యువు మారితే దాని ఆయుష్షు రెట్టింపవుతుందని చూపించింది. 2009లో రాపామైసిన్ అనే మందును 600 రోజుల వయసున్న ఎలుకలకు, అంటే మన లెక్కలో అరవై దాటుతున్న వాటికి, మొదలుపెట్టినా అవి ఎక్కువ కాలం బతికాయి. మనుషుల ఆయుష్షు పెంచుతుందని రుజువైన మందు మాత్రం ఇంకా ఏదీ లేదు. మీ అమ్మాయి చేయాల్సిన పనంతా ఆ ఖాళీలోనే ఉంది.

ఆ పని ఎలా ఉంటుందో ముందే తెలియాలి. పురుగుల ఆయుష్షు లెక్కపెట్టే విద్యార్థి రోజూ మైక్రోస్కోప్ ముందు కూర్చుని, సన్నటి ప్లాటినం తీగతో ఒక్కో పురుగునీ మెల్లగా తాకి చూస్తాడు. కదిలితే బతికున్నట్టు, కదలకపోతే ఆ రోజు లెక్కలో ఒకటి తగ్గినట్టు. ఇలా మూడు, నాలుగు వారాలు. ఏదైనా తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి! ఈ ఓపిక తనకుందో లేదో అమ్మాయినే అడగండి.

ఇంటర్ తర్వాత ‘ముసలితనం’ పేరుతో డిగ్రీ వెతక్కండి. ముందు బయాలజీ గట్టిపడాలి, ఈ ప్రత్యేకత పీహెచ్‌డీలో వస్తుంది. నేనైతే ఐసర్ వైపు, అంటే సైన్స్ చదువు, పరిశోధనల కోసం కేంద్రం పెట్టిన సంస్థల వైపు చూడమంటాను. తిరుపతిలో ఉందని అందరికీ తెలుసు, కానీ మీకు ఒడిశాలోని బరంపురం ఐసర్ ఇంకా దగ్గర. ప్రవేశ పరీక్ష ఐఏటీలో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నుంచి 15 చొప్పున ప్రశ్నలుంటాయి. బైపీసీ పిల్లలు తడబడేది మ్యాథ్స్ దగ్గరే. పదో తరగతితో వదిలేసిన లెక్కల్ని ఇప్పుడే మళ్లీ పట్టుకోమనండి. పరీక్ష కోసమనే కాదు, ఆయుష్షు పరిశోధన సగం స్టాటిస్టిక్సే. ఐసర్ రాకపోయినా ఫర్వాలేదు. ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో మంచి కాలేజీలో బీఎస్సీ చేసి, జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీకి పెద్ద సంస్థలకు వెళ్లొచ్చు.

మీవారి భయం న్యాయమైనదే. ఈ దారిలో పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి 28, 29 ఏళ్లు వస్తాయి. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37 వేల రూపాయలు, ఆపైన ఇంటద్దె వస్తాయి. దాంతో ఇంటి మీద ఆధారపడక్కర్లేదు గానీ, ఆ తర్వాత ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. ఇది ఆయన ముందు దాచకండి. నీట్ కూడా రాయనివ్వండి, సిలబస్ చాలావరకు ఒకటే. ఎంబీబీఎస్ వస్తే ఆ తర్వాత వృద్ధుల వైద్యంలో, అంటే జీరియాట్రిక్స్‌లో ఎండీ చేయొచ్చు. మన దేశంలో ఆ డాక్టర్లు చాలా తక్కువ. డాక్టర్లు పరిశోధన కూడా చేస్తారని అమ్మాయికి చెప్పండి.

ఇంకో మాట. మీ అత్తగారి మతిమరుపును వయసు మీదకు నెట్టేయకండి. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు రావచ్చు, వాటికి వైద్యం ఉంది. ఆమె వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని త్వరగా డాక్టర్‌కు చూపించండి. అమ్మాయినీ వెంట తీసుకెళ్లండి, డాక్టర్ ఏం అడుగుతున్నారో తనే విని రాసుకుంటుంది.